ఫోను నిండినప్పుడు ముందు ఏది తీయాలి?

(గ్రంథాలయ వారోత్సవాల్లో శాఖా గ్రంథాలయ పాఠకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో సెల్‌ఫోను గురించి ప్రసంగమా అని కరపత్రం చూసి కొందరు నవ్వారట. నవ్వితే నవ్వారు గానీ, ఉద్యోగకాలమంతా ఇరుకు గదుల్లో పుస్తకాలు సర్దిన లైబ్రేరియన్‌కు ఇది పాత సమస్యే. బీరువాలు అవే ఉంటాయి, పుస్తకాలు మాత్రం ఏటా వస్తూనే ఉంటాయి. గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో చివరిది, గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అని. పెరిగేదానికి చోటు చూపించాలి. చోటు లేనప్పుడు కొన్నిటిని తీసేయాలి. దాన్ని మేము ఏరివేత అంటాం. ఏరివేతకు కూర్చున్నప్పుడు పుస్తకం చిరిగిందా, పాతబడిందా అని తరువాత చూస్తాం. ఇది ఇంకెక్కడైనా దొరుకుతుందా అన్నది ముందు చూస్తాం. ఏ దుకాణంలోనైనా దొరికే పుస్తకమైతే నిశ్చింతగా పంపించేయవచ్చు. ఎక్కడా దొరకనిదైతే చెదలు కొట్టినా అట్ట వేసి ఉంచుతాం.

ఫోను విషయంలో మనం దీన్ని తలకిందులు చేస్తున్నాం. స్టోరేజ్ నిండిందని సందేశం రాగానే గ్యాలరీ తెరుస్తాం, కంటికి ఎదురుగా కనబడే మన సొంత ఫొటోలు తీసేస్తాం. ఏ మూలనో ఉన్న సినిమాలు, ఎవరో పంపిన వీడియోలు మాత్రం చెక్కుచెదరవు. మన ఇంట్లో తప్ప లోకంలో ఎక్కడా లేనివి పోయి, లక్షల మంది దగ్గర ఉన్నవి భద్రంగా మిగులుతాయి. ఈ వరస మార్చుకోమని చెప్పడానికే ఈ పూట వచ్చాను.

ముందు లెక్క చూద్దాం. డబ్బా మీద 64 జీబీ అని రాసి ఉన్నా అంతా మన చేతికి రాదు. తయారు చేసినవారు జీబీ అంటే నూరు కోట్ల బైట్లు అని లెక్కిస్తారు. కంప్యూటర్ల పాత లెక్క 1024 చొప్పున సాగుతుంది కాబట్టి ఆ లెక్కలో 64 కాస్తా 60కి లోపే తేలుతుంది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్, కంపెనీ ముందే ఎక్కించి ఇచ్చిన యాప్‌లు కలిసి పది పదిహేను జీబీ, కొన్ని ఫోన్లలో ఇంకా ఎక్కువే, పట్టుకుంటాయి. ఆ పైన వాట్సాప్, బ్యాంకు యాప్, చెల్లింపుల యాప్, పిల్లల ఆటలు. మన పాటలకు, వీడియోలకు, ఫొటోలకు కలిపి ముప్పై జీబీ మిగిలితే అదృష్టమే అనుకోవాలి.

ఆ ముప్పై కూడా అంచు దాకా నింపకూడదు. ఫోనులో ఉండేది ఫ్లాష్ మెమరీ. జపాన్‌లో తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుయోకా 1980ల్లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఇందులో రాసినచోటే మళ్లీ రాయడం కుదరదు. కొంత భాగాన్ని మొత్తంగా చెరిపితేనే అక్కడ కొత్తది రాయగలం. ఖాళీ భాగాలు చాలినన్ని ఉంటే పని చకచకా జరుగుతుంది. లేకపోతే ఉన్న సమాచారాన్ని అటూ ఇటూ జరిపి, ఒక చోటు ఖాళీ చేసి, చెరిపి, అప్పుడు రాసుకోవాలి. నిండిపోయిన ఫోను నత్తనడక నడవడానికి ఇదొక పెద్ద కారణం. పదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. కొత్త ఫోను కొనాల్సిన అవసరం కొన్నాళ్లు వాయిదా పడుతుంది.

ఇక ఏది ఎంత మింగుతుందో చూడండి. 720పీ, 1080పీ, 4కే అనేవి వీడియో స్పష్టతలో ఒకదాన్ని మించిన మెట్లు, ఫ్రేములంటే సెకనుకు తీసే బొమ్మలు. వెయ్యి ఎంబీ ఒక జీబీ. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో యాపిల్ సంస్థే ఈ లెక్క రాసి పెట్టింది. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున, హెచ్‌ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలో తీస్తే, ఒక నిమిషం వీడియో 720పీలో 40 ఎంబీ, 1080పీలో 60, 4కేలో 170. అదే 4కేను సెకనుకు 60 ఫ్రేములకు పెంచితే నిమిషానికి 400 ఎంబీ. పాత హెచ్.264 పద్ధతిలోనైతే 1080పీకే నిమిషానికి 130 అవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి గానీ వరస ఇదే. మేనల్లుడి పెళ్లి ఊరేగింపును 4కేలో, 60 ఫ్రేములతో పది నిమిషాలు తీస్తే నాలుగు జీబీ అయిపోయినట్టే. ఆ వీడియో చూసేది ఎక్కడ? ఈ అరచేతి తెర మీదే. రేపు టీవీలో వేసుకున్నా 1080పీ, 30 ఫ్రేములు శుభ్రంగా సరిపోతాయి. కెమెరా సెట్టింగ్స్‌లో ఒక్కసారి మార్చుకుంటే చాలు. చోటు ఆదా చేసే మార్పుల్లో ఇంతకంటే తేలికైనది, ఇంత లాభమున్నది మరొకటి లేదు.

పాటల గురించి మాత్రం అనవసరంగా బెంగపడుతున్నారు. పదిహేనేళ్ల కిందట బస్టాండు దగ్గర ప్రతి సెల్ షాపులోనూ మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇచ్చేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. కాపీరైటు సంగతి ఇచ్చినవాడూ అడగలేదు, పుచ్చుకున్నవాడూ అడగలేదు. రెండు జీబీ, నాలుగు జీబీ కార్డులో వందల పాటలు పట్టేవి. ఇప్పుడూ అంతే పడతాయి. కేబీపీఎస్ అంటే ఒక్కో సెకను పాటకు ఎన్ని కిలోబిట్లు వాడారన్న లెక్క. ఎంపీ3లో 128 కేబీపీఎస్ అంటే నిమిషానికి దాదాపు ఒక ఎంబీ. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది కాబట్టి ఆ కాలపు పాటలు చాలావరకు ఆ కొలతలోనే ఉంటాయి. అంటే పాటకు మూడు ఎంబీ, ఒక జీబీకి మూడు వందల పాటలు. ఘంటసాల గారి పాటలన్నీ తీసేసి చోటు చేసుకుందాం అనుకునేవారికి మిగిలేది ఏమీ లేదు. ఒక్క ఊరేగింపు వీడియోను కుదించుకోండి, ఆయన వెయ్యి పాటలు పాడుకుంటారు.

ఇంకో మాట. నాణ్యత పెరుగుతుందని 128లో ఉన్న పాటను 320కి మార్చేవాళ్లు ఉన్నారు. ఎంపీ3 చేసేటప్పుడు చెవికి పట్టని భాగాన్ని తీసి పారేస్తారు, పరిమాణం తగ్గేది అందుకే. తీసి పారేసింది మళ్లీ రాదు. ఫైలు రెండున్నర రెట్లు బరువెక్కుతుంది, పాట మాత్రం మెరుగుపడదు. అసలు 1950ల నాటి మోనో రికార్డింగుకు 320 పెద్దగా ఒరగబెట్టేదీ లేదు. నెలకు ఇంత అని చందా కట్టి వినే యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఫైళ్లుగా కనబడవు, ఆ యాప్ కడుపులోనే ఉంటాయి. చందా ఆగితే పాట ఆగుతుంది. అవి మీ సొత్తు కావు. చోటు కావలసి వస్తే మొదటి వేటు వాటి మీదే వేయండి.

ఇప్పుడు వాట్సాప్. 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక భారతీయుల ఫోన్లు నిండిపోవడం గురించి ఒక కథనం ప్రచురించింది. ఫోన్లు ఎందుకు స్తంభిస్తున్నాయని గూగుల్ పరిశోధకులు ఆరా తీస్తే తేలినది, పొద్దున్నే పంపుకునే శుభోదయం బొమ్మలు! పూలు, దేవుళ్లు, సూర్యోదయాలు. అంతకు ముందు నెలలోనే, 2017 డిసెంబరులో, గూగుల్ ఫైల్స్ గో అనే యాప్‌ను ఢిల్లీలో విడుదల చేసింది. ఇప్పుడు దాని పేరు ఫైల్స్ బై గూగుల్. ఇలాంటి బొమ్మలను, ఒకే ఫొటోకు ఉన్న నకళ్లను, పెద్ద ఫైళ్లను విడదీసి చూపిస్తుంది. బొమ్మలు పంపేవారి మీద నాకు కోపం లేదు. పలకరింపు మంచిదే, దాచుకోవలసిన పని లేదంతే.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా అనే చోట మేనేజ్ స్టోరేజ్ అని ఉంటుంది. పదే పదే ఫార్వర్డ్ అయినవి ఒక కుప్పగా, ఐదు ఎంబీ దాటినవి ఇంకో కుప్పగా, ఆ కింద ఏ గ్రూపు ఎంత చోటు పట్టిందో వరసగా చూపిస్తుంది. పెద్ద ఫైళ్ల కుప్ప ముందు తెరవండి. అక్కడే ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆటో డౌన్‌లోడ్ ఆపేయవచ్చు. ఒక్క హెచ్చరిక చేస్తాను. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో ప్రతి యాప్‌కూ క్యాష్ తుడవడం, డేటా తుడవడం అని రెండు మీటలు ఉంటాయి. క్యాష్ అంటే యాప్ వేగం కోసం తాత్కాలికంగా దాచుకునేది. అది తుడిస్తే ఏ నష్టమూ లేదు, కొన్నాళ్లకు మళ్లీ పేరుకుంటుంది. వాట్సాప్ డేటా తుడిస్తే మాత్రం మీ సంభాషణలు ఫోనులోంచి పోతాయి. బ్యాకప్, అంటే వేరేచోట దాచిన నకలు, లేకపోతే తిరిగి రావు. కంగారులో రెండో మీట నొక్కకండి.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంకెక్కడైనా దొరికేవి, లేదా ఎవరికీ అక్కర్లేనివి. ఇక ఫొటోల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఫిల్మ్ రీలులో 36 ఫొటోలు పట్టేవి. తీసే ముందు ఆలోచించేవాళ్లం. ఇప్పుడు ఒక్క అక్షింతల ఘట్టానికే 36 తీస్తున్నాం, తప్పు పట్టను. కానీ ఆ రాత్రే కూర్చుని నాలుగు ఉంచుకుని మిగతావి తీసేయండి. ఏడాది గడిచాక ఆ పని ఎవరూ చేయరు. ఎందుకంటే అప్పటికి అది వేల ఫొటోల పని అయిపోతుంది. ఐఫోన్‌లో, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో హై ఎఫిషియెన్సీ అనే అమరిక ఉంది. మామూలు ఫొటో ఫైలు రకమైన జేపెగ్‌తో పోలిస్తే దాదాపు సగం చోటులో అదే నాణ్యత ఇస్తుంది. ఉద్యోగ దరఖాస్తుల వెబ్‌సైట్లు కొన్ని ఆ రకం ఫొటోలను ఒప్పుకోవు, అప్పుడు జేపెగ్‌కు మార్చి ఇవ్వాలి.

ఫొటోలను ఇంటర్నెట్‌లో దాచే గూగుల్ ఫొటోస్ 2015 మే నెలలో వచ్చింది. కాస్త కుదించి దాచుకుంటే ఎన్ని ఫొటోలైనా ఉచితం అన్నారు. ఆ ఉచితం 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఈ సంగతి తెలియనివారు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు ఉచితంగా దొరికేది 15 జీబీ. అందులోనే జీమెయిల్, డ్రైవ్, ఆండ్రాయిడ్ ఫోనులోని వాట్సాప్ బ్యాకప్ అన్నీ సర్దుకోవాలి. అది నిండితే మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. ఇంటర్వ్యూ పిలుపు రాలేదేమని ఎదురుచూసే అబ్బాయి ఒకసారి ఆ లెక్క చూసుకోవాలి. అడ్డం పడింది పెళ్లి వీడియో కావచ్చు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, కనుక నెమ్మదిగా చెబుతాను. గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఒక ఫొటోను ఎంచుకుని చెత్తబుట్ట గుర్తు నొక్కితే అది ఫోనులోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ, అంటే ఇంటర్నెట్‌లో గూగుల్ దగ్గర దాచినచోటా, పోతుంది. "గూగుల్‌లో ఉందిగా, ఫోనులో తీసేద్దాం" అనుకుని అందరూ చేసేది ఇదే. ఫోనులో మాత్రమే చోటు కావాలంటే దానికి వేరే మీట ఉంది, ఫ్రీ అప్ స్పేస్ అని. అది క్లౌడ్‌కు భద్రంగా చేరినవాటిని మాత్రమే ఫోనులోంచి తీస్తుంది. పొరపాటున పోయినవి బుట్టలో 60 రోజులు ఉంటాయి. బ్యాకప్ కాని ఫొటో అయితే 30 రోజులే. ఇంకొకటి, మామూలుగా కెమెరాతో తీసినవే క్లౌడ్‌కు వెళతాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలున్న ఫోల్డరుకు మీరు విడిగా అనుమతి ఇవ్వాలి. డాలస్ నుంచి కోడలు పంపిన మనవరాలి ఫొటోలన్నీ క్లౌడ్‌లో ఉన్నాయని ధీమాగా ఉండి, ఫోను నీళ్లలో పడ్డాక లేవని తెలుసుకునేది అందుకే. పైగా వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. అసలు ఫొటో కావాలంటే డాక్యుమెంటుగా పంపమని అడగండి.

క్లౌడ్ ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగించే నియమాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. పెద్దవాళ్లు పోయాక వాళ్ల ఫోనును బీరువాలో పెడతాం, ఖాతా సంగతి ఎవరికీ గుర్తుండదు. ఫొటోగ్రాఫర్లు పాటించే 3-2-1 అనే నియమం ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటికి దూరంగా. మనబోటివాళ్లకు ఫోను, పెన్‌డ్రైవ్, క్లౌడ్ చాలు. రెండు మొనలున్న పెన్‌డ్రైవ్‌లు దొరుకుతున్నాయి, ఫోనుకు నేరుగా గుచ్చి ఎక్కించుకోవచ్చు. నాలుగు జీబీ దాటిన పెళ్లి వీడియో ఎక్కనని మొరాయిస్తే పెన్‌డ్రైవ్ చెడిపోయిందని పారేయకండి. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే ఫ్యాట్32 అనే పద్ధతిలో ఒక్కో ఫైలుకు నాలుగు జీబీ హద్దు ఉంది. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతికి ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది, అయితే ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముందు ఖాళీ చేసుకోండి. మెమరీ కార్డు నమ్మకమైన దుకాణంలోనే కొనండి. 512 అని రాసి ఎనిమిదో పదహారో పట్టే నకిలీలు ఉన్నాయి. ఫోను కూడా 512 అనే చూపిస్తుంది, నిండాక వేసినవన్నీ పాడైపోతాయి.

చివరిగా, తీసేయడం గురించే మాట్లాడాను కాబట్టి, చేర్చవలసినదొకటి చెబుతాను. ఫోనులో వాయిస్ రికార్డర్ ఉంది. మాటకు 64 కేబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది. ఆ లెక్కన గంట రికార్డింగు 30 ఎంబీ లోపే. పాత పద్ధతిలో తీసిన 1080పీ వీడియో పద్నాలుగు సెకన్లకు అంత అవుతుంది. మీ ఇంట్లో మంగళహారతులు, లాలిపాటలు, దంపుళ్ల పాటలు వచ్చినవాళ్లు ఉంటే పక్కన కూర్చుని పాడించండి. ఫైలుకు ఎవరు పాడారో, ఏ పాటో, ఏ సంవత్సరమో పేరు పెట్టండి. పేరు లేని రికార్డింగు రేపు మీకే అంతుపట్టదు, మా దగ్గర నమోదు కాని పుస్తకంలాగే. ఏ యాప్‌లోనూ డౌన్‌లోడ్‌కు దొరకని పాటలు అవి.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఫోను వెంట తెచ్చినవారు పత్రికల బల్ల దగ్గరకు రండి. కేబుళ్లు, రెండు పెన్‌డ్రైవ్‌లు తెచ్చాను. ఏదైనా తీసేసే ముందు నకలు తీసుకుందాం.