పుష్కరానికీ పుష్కరానికీ మధ్య

పెద్దలందరికీ నమస్కారం.

1980 కృష్ణా పుష్కరాలకు నాకు పదేళ్ళు. జనంలో తప్పిపోతానని మా నాయనమ్మ తన కొంగును నా చొక్కా అంచుకు ముడేసింది. అలాగే ఇద్దరం ఇంద్రకీలాద్రి కింద ఘాటు మెట్లు దిగాం. మూడు మునకలయ్యాక ముక్కులోకి నీళ్ళు పోయి నేను దగ్గుతుంటే, ఆ తడి కొంగుతోనే తల తుడుస్తూ, "మళ్ళీ పుష్కరాలకి నువ్వే నన్ను పట్టుకుని దింపాలిరా" అంది. మళ్ళీ అంటే ఎప్పుడని అడిగాను. పన్నెండేళ్ళంది. నాకు ఏడుపొచ్చింది. నేను పుట్టి అన్నేళ్ళు కాలేదు మరి!

1992 నాటికి నాయనమ్మ లేదు. ఇక 2016 పుష్కరాలంటారా, మొన్ననే చూసినట్టుంది.

వయసు పెరిగేకొద్దీ ఏళ్ళు ఇలా త్వరగా గడిచిపోయినట్టు అనిపిస్తుందే, పాల్ జానే అనే ఫ్రెంచి తత్త్వవేత్త 1877లో దీనికొక లెక్క చెప్పాడు. పదేళ్ళవాడికి ఏడాదంటే బతుకులో పదో వంతు, యాభై ఏళ్ళవాడికి యాభయ్యో వంతు. లెక్క బాగుంది గానీ నాకు చాలదు. అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ కూడా 1890లో అదే అన్నాడు: ఇది జరిగేదాన్ని చెబుతుందే తప్ప ఎందుకో చెప్పదని. చిన్నప్పుడు ప్రతిదీ కొత్త, జ్ఞాపకం నిండిపోతుంది. పోనుపోను రోజులు అలవాటులో కలిసిపోతాయి, తలుచుకుంటే ఏడాది ఖాళీగా కనబడుతుంది. ఇదీ ఆయన చెప్పిన కారణం.

మా అమ్మ మధ్యాహ్నం మూడింటికి గడియారం చూసి "పొద్దు పోవట్లేదురా" అంటుంది. సంక్రాంతికి ఆవిడే, "నిన్నగాక మొన్నేగా ముగ్గులేసింది, అప్పుడే ఏడాదా!" అంటుంది. పొంతన లేని మాటలని చాలాకాలం విసుక్కున్నాను. అందుకు ఇప్పుడు బాధపడుతున్నాను. రెండూ నిజమే. గడుస్తున్నప్పటి కాలం వేరు, గడిచాక తలుచుకునే కాలం వేరు. ఊరికే కూర్చున్న మధ్యాహ్నం గడవడమే కష్టం. గడిచాక మాత్రం అందులోంచి చెప్పుకోవడానికి ఒక్క ముక్క దొరకదు. పుష్కర స్నానం అలా కాదు. నిమిషాల్లో అయిపోయింది, ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

పోయిన కార్తీకంలో అమ్మను బోటులో భవానీ ద్వీపానికి తీసుకెళ్ళాను. ఒడ్డు దాటేదాకా నా చెయ్యి వదల్లేదు. నది మధ్యకొచ్చాక తనే వంగి నీళ్ళు దోసిట్లోకి తీసుకోబోయింది, బోటతను కేకేశాడు. గంట ప్రయాణం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతోంది, చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి కొత్తగా గుర్తొస్తోంది.

ఇక్కడ 1980 పుష్కరాలు చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. ఎవరి చెయ్యి పట్టుకుని వచ్చారో, ఆ పూట ఏం తిన్నారో చెప్పండి. నా మాటలు ఆపి, ముందు వరసలో కూర్చుని వింటాను.