మన టెన్నిస్ సింగిల్స్‌ని చంపింది ఆటగాళ్లు కాదు, చేజారిన ఆ జనవరి వారం!

మన టెన్నిస్ ఆటగాడు సుమిత్ నాగల్ డబ్బు మనిషి అట! దేశాల మధ్య జరిగే డేవిస్ కప్‌లో మన జట్టుకి ఆడటానికి ఏడాదికి 50 వేల డాలర్లు అడిగాడని 2024 సెప్టెంబర్‌లో మన టెన్నిస్ సమాఖ్య బయటపెట్టింది కదా, అప్పటి నుంచి ఇదే గోల. నడుం నొప్పి అని డేవిస్ కప్ మ్యాచ్‌కి స్వీడన్ వెళ్లలేదు, ఆటగాడికి పారితోషికం ఇవ్వడం ఎక్కడైనా మామూలే అని అతను చెప్పుకున్నాడు. ఎవరు విన్నారు? ఆ గొడవంతా మీకు తెలుసు, మళ్లీ చదివి వినిపించను. అంతకు ఏడాది ముందు అదే కుర్రాడు తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలు మిగిలాయని చెప్పాడు. అంటే సుమారు 80 వేల రూపాయలు. అప్పటికి దేశంలో నంబర్ వన్ గురూ! మన వైజాగ్ ఎంవీపీ కాలనీలో పిల్లల ట్యూషన్ ఫీజులు అంతకంటే ఎక్కువుంటాయి.

సరే, అసలు విషయం. మన మగాళ్ల సింగిల్స్ ఎందుకు చచ్చింది? కష్టపడరు అంటారు, ఎత్తు లేదు అంటారు, క్రికెట్ మింగేసింది అంటారు. అన్నీ సొల్లు. మన దేశంలో ఏటీపీ టోర్నీ, అంటే మగాళ్ల ప్రపంచ టూర్ టోర్నీ, లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇదే కారణం, ఇంకోటి లేదు.

1997 నుంచి 2017 దాకా చెన్నై నుంగంబాక్కంలో ఏటీపీ ఆడేవారు, మొదట్లో ఏప్రిల్‌లో, తర్వాత జనవరి మొదటి వారంలో. 2018లో అది పుణె వెళ్లింది. 2023 జనవరిలో పుణెలో చివరిసారి ఆడారు. తర్వాత ఏడాది క్యాలెండర్‌లో ఆ వారం హాంకాంగ్ పేరు కనపడింది. మనం ఏం చేశాం? ఏమీ చేయలేదు. అదే ఒక టీ20 లీగ్ ఇక్కడి నుంచి దుబాయ్ వెళ్లిపోతే టీవీ స్టూడియోల్లో కుర్చీలు విరిగేవి.

"టోర్నీ పోతే ఏంటి, విదేశాలకెళ్లి ఆడొచ్చుగా" అంటారు. ఆగండి, లెక్క చెప్తాను. ఏటీపీ 250, అంటే ఆ టూర్‌లో అన్నిటికంటే చిన్న మెట్టు టోర్నీ, సింగిల్స్ డ్రాలో (ఆడేవాళ్ల జాబితాలో) 28 మంది. అందులో 3 వైల్డ్ కార్డులు, అంటే ర్యాంకు చాలకపోయినా నేరుగా ఆడనిచ్చే చోట్లు, నిర్వాహకుల చేతిలో ఉంటాయి. టోర్నీ ఎవరి ఊళ్లో ఉంటే కార్డులు ఎక్కువగా వాళ్ల కుర్రాళ్లకే. ఆ కార్డుతో వచ్చినవాడు క్వార్టర్స్ దాకా ఆడితే 50 ర్యాంకింగ్ పాయింట్లు, రన్నరప్ అయితే 165. అదే మన కుర్రాడు ఊరుకాని ఊళ్లో అడుగు స్థాయి ఎం15 టోర్నీ గెలిస్తే? పదిహేను. గెలిస్తేనే పదిహేను! అంటే ఒక ఏటీపీ ఫైనల్‌కి సమానం కావాలంటే పదకొండు టోర్నీలు గెలవాలి. పదకొండు వీసాలు, పదకొండు ఊళ్లు, హోటల్ బిల్లులు. ఆ డబ్బు ఎవరిస్తారు, వాళ్ల నాన్నా?

మన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్‌ని గుర్తు తెచ్చుకోండి. 2009 చెన్నై. ర్యాంకు 200 దాటి ఉంది. చేతిలో వైల్డ్ కార్డు. అంతకుముందు అదే టోర్నీని రెండుసార్లు గెలిచిన కార్లోస్ మోయాని కొట్టాడు, ఆ పొడుగాటి కార్లోవిచ్‌ని కొట్టాడు, సెమీస్‌లో అవతలివాడికి గాయమై వాకోవర్ వచ్చింది, నేరుగా ఫైనల్. చిలిచ్ చేతిలో ఓడాడు, ఓడితే ఓడాడు! 2011కల్లా ర్యాంకు 62. ఆ వైల్డ్ కార్డు లేకపోతే సోమ్‌దేవ్ ఎవరో మీకు తెలిసేదా?

మోయా పేరొచ్చింది కాబట్టి చిన్న డైవర్షన్, నన్ను ఆపకండి. 2008 చెన్నై సెమీస్‌లో నాదల్, ఇదే మోయా. దాదాపు నాలుగు గంటలు కొట్టుకున్నారు, మూడు సెట్లకే! నాదల్ గెలిచాడు. మర్నాడు ఫైనల్‌కి వచ్చేసరికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. యూజ్నీ 6-0, 6-1తో ఇంటికి పంపాడు. నాదల్‌ని! మన పక్క ఊళ్లో! ఆ రోజు స్టాండ్స్‌లో కూర్చున్న పిల్లాడు మర్నాడు రాకెట్ కొనమని ఇంట్లో ఏడవడా?

ఇప్పుడు మన వైజాగ్ సంగతి. సాకేత్ మైనేని. 2016 యూఎస్ ఓపెన్, క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచులు గెలిచి మెయిన్ డ్రాకి చేరాడు. మొదటి రౌండ్, చెక్ ఆటగాడు వెసెలీ. అయిదో సెట్. మ్యాచ్ పాయింట్ మనోడిది. ఒక్క పాయింట్! కాళ్లు పట్టేశాయి. 7-5తో మ్యాచ్ పోయింది. ఫిట్‌నెస్ లేదని తిట్టినవాళ్లున్నారు. బాబూ, అయిదు సెట్లు ఆడే అలవాటు ఎక్కడ నుంచి వస్తుంది? గ్రాండ్‌స్లామ్‌లో, అప్పట్లో డేవిస్ కప్‌లో తప్ప దాదాపు ఎక్కడా అయిదు సెట్లు లేవు. గ్రాండ్‌స్లామ్‌కి నేరుగా వెళ్లాలంటే ర్యాంకు వందకి అటూ ఇటూ ఉండాలి. ఆ ర్యాంకుకి పాయింట్లు కావాలి. మళ్లీ ఎక్కడికొచ్చాం? ఆ జనవరి వారానికే.

ఇక్కడ మనవాళ్లకి గుర్తున్నది ఆ అయిదో సెట్ కాదు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సాకేత్ సానియాతో గెలిచిన మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం. మంచిదే, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ చప్పట్లన్నీ డబుల్స్‌కే అయితే కుర్రాళ్లు ఎటు పోతారు? యూకీ భాంబ్రీ సింగిల్స్‌లో 83వ ర్యాంకు దాకా వచ్చి డబుల్స్‌కి మారిపోయాడు. మొన్న సాయంత్రం ఇక్కడే ఒక కోర్టు బయట నిలబడ్డాను. నూగంతా ఊడి బోడిగుండులా మిగిలిన బంతులు, వాటిని ఏరుతున్న పదకొండేళ్ల పిల్ల. పక్కన కోచ్ ఒక నాన్నగారికి చెప్తున్నాడు, "సార్, బాబుని డబుల్స్‌కి పెడదాం, సెలెక్షన్ తొందరగా వస్తుంది." పదమూడేళ్ల పిల్లాడికి! తప్పు కోచ్‌ది అంటానా? అనను. అతనికి కనపడే దారి అదొక్కటే.

"పుణెలో కూడా కార్డులిచ్చారుగా, ఏం ఒరిగింది" అని కామెంట్ పెడతారు, నాకు తెలుసు. పుణెకి దక్కింది కొన్నేళ్లు, మధ్యలో కోవిడ్‌తో ఒక ఏడాది పోయింది. చెన్నైకి ఇరవై ఏళ్లు దాటింది. పుణెకి ఇరవై ఏళ్లిచ్చి అప్పుడు అడగండి. ఇంకోటి చూడండి. నాగల్ టాప్ 100లోకి ఎలా వచ్చాడు? 2024 ఫిబ్రవరిలో చెన్నై చాలెంజర్ గెలిచి. సొంత గడ్డ మీద! అది ఏటీపీ కంటే ఒక మెట్టు కిందిది, దానికే అంత ఫలితం. తర్వాత 68 దాకా వెళ్లాడు, 2025 మొదట్లోనే మళ్లీ వంద బయటికొచ్చేశాడు.

మన ఊరికి ఐపీఎల్ వచ్చింది, ప్రో కబడ్డీ వచ్చింది, మహిళల వరల్డ్ కప్ మ్యాచులొచ్చాయి. జనవరిలో ఇక్కడ సాయంత్రం గాలికి చెన్నై ఏం సరిపోతుంది చెప్పండి! బీచ్ రోడ్డు మీద ప్రతి పండక్కీ స్టేజీ కట్టే ప్రభుత్వానికి ఒక సెంటర్ కోర్టు కట్టడం కష్టమా? డబ్బు కావాలి, టోర్నీ హక్కులున్నవాళ్లతో బేరం కుదుర్చుకోవాలి, నిజమే. హాంకాంగ్ వాళ్లు చేసింది అదేగా?

వైజాగ్‌లో ఏటీపీ పెడితే మొదటి మూడు వైల్డ్ కార్డులు ఎవరికివ్వాలి? కామెంట్లలో మూడు పేర్లు రాయండి. సింగిల్స్ ఆడేవాళ్ల పేర్లే రాయాలి, డబుల్స్ పేర్లు రాస్తే డిలీట్ చేసేస్తా.