బందెలదొడ్డి నుంచి వేలంపాట దాకా: అద్దె బకాయికి ఇంగ్లండులో జప్తు

సభకు నమస్కారం.

అద్దె బాకీపడిన కౌలుదారు సొత్తును, కోర్టు గడప తొక్కకుండానే స్వయంగా పట్టుకునే హక్కు ఇంగ్లండులో భూయజమానికి శతాబ్దాల పాటు ఉండేది. అక్కడి న్యాయశాస్త్రం 'డిస్ట్రెస్' అని పిలిచిన ఈ పద్ధతిని మనం జప్తు అనవచ్చు గాని, తొలినాళ్లలో అది తాకట్టుకే దగ్గర. పట్టుకున్న పశువును బందెలదొడ్డిలో ఉంచవలసిందే తప్ప దానితో పని చేయించుకోవడానికి గాని, అమ్ముకోవడానికి గాని వీలులేదు. బహిరంగ దొడ్డిలో ఉన్నంతకాలం మేత వేసే భారం కూడా కౌలుదారుదే. పశువు లేక రోజు గడవని మనిషి తానే దిగివచ్చి బాకీ తీరుస్తాడన్నది దీని వెనుక ఉన్న లెక్క.

హద్దులూ ఉండేవి. బాకీకి మించి పట్టుకోరాదనీ, పట్టుకున్నదాన్ని కౌంటీ (మన జిల్లా వంటిది) దాటించరాదనీ 1267 నాటి మార్ల్‌బరో శాసనం చెప్పింది. వేరే సొత్తు దొరికినంతవరకు దుక్కిటెడ్లను ముట్టుకోకూడదు. సూర్యాస్తమయం తరువాత జప్తు చెల్లదు. వీధి తలుపు గడియ తీసి లోపలికి రావచ్చు, తాళం మాత్రం పగలగొట్టకూడదు. చట్టానికి మర్యాద అంతా ఆ తాళం దగ్గరే గుర్తొచ్చిందేమో! బాకీయే లేదనే కౌలుదారు హామీ ఇచ్చి సొత్తు విడిపించుకుని, 'రెప్లెవిన్' దావా వేసుకోవాలి. అంటే కోర్టు మెట్లెక్కే శ్రమ సొమ్ము అడిగేవాడిది కాదు, పోగొట్టుకున్నవాడిది.

నా దృష్టిలో అసలు మలుపు 1689 చట్టం. అయిదు రోజుల్లోగా విడిపించుకోకపోతే వెల కట్టించి అమ్మవచ్చునని చెప్పి, అది తాకట్టును వసూలుగా మార్చివేసింది. రాత్రికి రాత్రే దొంగచాటుగా సామాను తరలిస్తే 30 రోజుల వరకు వెంటాడి పట్టుకునే అధికారం 1737లో వచ్చింది. విచిత్రమేమిటంటే, ఆ ఇంట్లో గది తీసుకుని ఉంటున్న మూడో మనిషి పెట్టె కూడా అసలు కౌలుదారు బాకీ కింద పోయేది. ఆ అన్యాయాన్ని సరిదిద్దే ప్రత్యేక చట్టం కోసం 1871 దాకా ఆగవలసివచ్చింది. 1888 తరువాత, యజమాని తరఫున జప్తు చేసే బెయిలీఫు కోర్టు ధ్రువపత్రం పొందవలసివచ్చింది. చివరకు 2014 ఏప్రిల్ 6న పాత హక్కు రద్దయి, వ్యాపార స్థలాల అద్దెకు మాత్రమే, ముందుగా నోటీసు ఇచ్చి ధ్రువీకృత ఏజెంటు ద్వారా వసూలు చేసే పద్ధతి మిగిలింది.

ఉత్తర సర్కారుల రైతుకు ఈ కథ పరాయిది కాదు. ముందుగా కోర్టుకు వెళ్లకుండానే శిస్తు బకాయికి పంటను, పశువులను జప్తు చేసే అధికారాన్ని 1802 నాటి 28వ రెగ్యులేషను మద్రాసు ప్రెసిడెన్సీ జమీందార్లకు ఇచ్చింది. పట్టా (జమీందారు రైతుకు ఇచ్చే కౌలు పత్రం), ముచ్చలిక (రైతు తిరిగి రాసిచ్చే ఒప్పుదల పత్రం) మార్చుకోనిదే కౌలు షరతుల అమలుకు చర్య తీసుకోరాదన్న సాధారణ నియమం 1865 నాటి 8వ చట్టంతో వచ్చింది.