లైన్‌మన్ కావాలంటే

శ్రోతలందరికీ నమస్కారం.

లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాక కూడా ఊళ్లో నన్ను ఆపి అడిగేది కరెంటు సంగతే. "అన్నా, మావాడు పది పాసయ్యాడు, లైన్‌మన్ ఉద్యోగానికి ఏం చదివించాలి?" అంటారు. నేను నోరు తెరిచేలోపే, "స్తంభం ఎక్కడం వస్తే చాలు కదా, మావాడు కొబ్బరిచెట్టే ఎక్కేస్తాడు" అని వాళ్లే తేల్చేస్తారు. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. రెండోదానికే ఈ రోజు ఎక్కువ టైము తీసుకుంటాను.

పది తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. వైర్‌మన్ ట్రేడు కూడా ఉంది. ఇంటర్‌లో ఎలక్ట్రికల్ ఒకేషనల్ చదివినవాళ్లనూ మన డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ చేసే సంస్థలు, జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్లలో తీసుకుంటూ వచ్చాయి. ఐటీఐ పాసయ్యాక ఏడాది అప్రెంటిస్. దీనికి 1961 నాటి చట్టం ఉంది. 2019లో మార్చిన నిబంధనల్లో ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ అని పెట్టారు. ఏడాది అయ్యాక పరీక్ష రాసి పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

తల్లిదండ్రులు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. అప్రెంటిస్ చేయించుకున్న సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలని ఆ చట్టంలో లేదు. ఎవరైనా "అప్రెంటిస్‌లో చేర్పిస్తే పర్మినెంటే" అని డబ్బు అడిగితే నమ్మకండి. అయితే పనిలో దెబ్బ తగిలితే అప్రెంటిస్‌కూ నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని అదే చట్టం చెబుతోంది. ఈ ముక్క చాలామంది పిల్లలకు తెలియదు.

ఎక్కడ చేరాలన్నది ఇంకో సంగతి. రైల్వేలో, థర్మల్ కేంద్రంలో, స్టీల్ ప్లాంటులో కూడా ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌లను తీసుకుంటారు. అక్కడ మోటార్లు, ప్యానెళ్లు బాగా వస్తాయి. లైను పని మాత్రం రాదు. లైన్‌మన్ కావాలనుకునేవాడు డిస్కంలో, అదీ పల్లెల మీద తిరిగే సెక్షన్ ఆఫీసులో చేరాలి. వానాకాలం ఒక్కటి అక్కడ గడిస్తే చాలు, తెగిన జంపర్లు (స్తంభం మీద ఒక వైరును ఇంకో వైరుకు కలిపే ముక్కలు), పగిలిన ఇన్సులేటర్లు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ కళ్లతో చూస్తాడు.

ఇక స్తంభం. ఎక్కడం రావాలి, కాదనను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కించారు, మీటరు రీడింగ్ తీయించారు, సైకిల్ కూడా తొక్కించారు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా అమ్మాయి శిరీష హైకోర్టు దాకా వెళ్లి పరీక్షకు అవకాశం తెచ్చుకుంది. స్తంభం ఎక్కి పాసై, 2022లో ఉద్యోగంలో చేరింది. ఆడపిల్లలకు ఈ పని ఎందుకన్నవాళ్ల నోళ్లు అప్పుడు మూతపడ్డాయి. ప్రాక్టీసు చేసే పిల్లలకు మాత్రం ఒక మాట. వైరు లేని స్తంభం ఖాళీ స్థలంలో పాతుకుని దాని మీద ఎక్కండి. రోడ్డు పక్కన కనబడ్డ స్తంభమల్లా ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

కానీ ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభంలో ఆరో వంతు దాకా భూమిలోనే ఉంటుంది. మిగిలింది ఎక్కడం నెల రోజుల్లో వచ్చేస్తుంది. పైన ఉన్న వైరులో కరెంటు లేదని తేల్చుకోవడం ఉంది చూశారూ, అసలు విద్య అదే. ఆ ఏడాదంతా నేర్చుకోవాల్సింది అదే.

దానికి మొదటి మెట్టును మేం ఎల్‌సీ అంటాం, లైన్ క్లియర్, అంటే పని అయ్యేదాకా లైను ఆపి ఉంచుతామన్న మాట తీసుకోవడం. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైను మీద జంపరు తెగిందనుకోండి. లైన్‌మన్ సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను), ఏం పని, ఎంతసేపు అన్నది చెప్పి ఎల్‌సీ అడుగుతాడు. ఆపరేటర్ లైనుకు కరెంటు ఆపే బ్రేకర్ ఆపి, లైనును విడదీసే ఐసోలేటర్ తెరిచి, పేరూ టైమూ రిజిస్టర్‌లో రాసి, "ఇచ్చాను" అంటాడు. కొత్తవాడు అది విని ఎక్కబోతాడు. సీనియర్ అక్కడే చొక్కా పట్టుకుని ఆపాలి.

ఎందుకంటారా? ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు ఉండొచ్చు, ఆపింది రెండోది కావచ్చు. పైనుంచి 33 కేవీ లైను దాటుతూ ఉండొచ్చు. ఎక్కడో ఓ కొట్టువాడు చేంజ్‌ఓవర్ స్విచ్ (జనరేటర్ కరెంటు బయటి లైనులోకి పోకుండా విడదీసే స్విచ్) లేకుండా జనరేటర్ వేసి ఉండొచ్చు. వాడి 230 వోల్టులు సర్వీసు వైరు గుండా ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి ఎక్కితే పైవైపున వేల వోల్టులై లేస్తాయి. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ఆగే ఉంటుంది, ఇక్కడ వైరు బతికే ఉంటుంది.

అందుకే డిశ్చార్జ్ రాడ్, అంటే వైర్లకు తగిలించి వాటిని భూమికి కలిపే కొక్కెపు కర్ర. ముందు గ్లౌజులు చూసుకోవాలి. రబ్బరు గ్లౌజు అంచు పట్టుకుని చుట్టుకుంటూ వస్తే లోపలి గాలి వేళ్లలోకి బిగుస్తుంది. దాన్ని చెంపకు దగ్గరగా పెట్టుకోవాలి. సూదిమొనంత చిల్లు ఉన్నా గాలి చెంపకు తగులుతుంది. తగిలిందా, ఆ గ్లౌజు పక్కన పడేయాలి. తర్వాత రాడ్‌కున్న ఎర్త్ వైరును ముందు భూమికి బిగించి, ఆ తర్వాతే కొక్కేలను మూడు వైర్లకూ తగిలించాలి. పని చేసే చోటుకు రెండువైపులా అలా వేయాలి. ఇక పొరపాటున ఎటునుంచి కరెంటు వచ్చినా భూమిలోకి పోతుంది. తీసేటప్పుడు ముందు వైర్ల మీది కొక్కేలు, ఆఖరున ఎర్త్. ఈ వరస తిరగబడితే రాడ్ కాపాడకపోగా అదే చంపుతుంది.

ఎల్‌సీ ఎవరు తీసుకుంటే వాళ్లే తిరిగి ఇవ్వాలి. "అన్న దిగిపోయాడంట, చార్జ్ చేసేయ్" అని మూడో మనిషి ఫోన్ చేస్తే ఆపరేటర్ వినకూడదు. వినడం వల్లే ప్రాణాలు పోయాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు బయటి జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి సిబ్బంది వచ్చి స్తంభాలు నిలబెట్టారు. వాళ్లకు ఆ ఊరి ఫీడర్లు తెలియవు. అపార్ట్‌మెంట్లలో జనరేటర్లు నడుస్తున్నాయి. అలాంటి చోట ఎంత పాత లైన్‌మన్ అయినా అప్రెంటిస్‌లాగే రాడ్ వేసుకుని అడుగు వేయాలి.

ఇది వింటున్న మామూలు జనానికీ ఇందులో భాగం ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ లైన్‌మన్ ఫోను ఆగకుండా మోగుతుంది. "ఇంకెంతసేపయ్యా, సీరియల్ టైమైపోతోంది" అంటారు. ఆ టెన్షన్‌లోనే రాడ్ వేయడం మానేసి ఎక్కేవాళ్లున్నారు. కంప్లయింట్ చేయాలంటే 1912 ఉంది, దానికి చేయండి. స్తంభం మీద ఉన్నవాడికి చేయకండి. ఇంట్లో జనరేటర్ ఉంటే చేంజ్‌ఓవర్ స్విచ్ పెట్టించండి. రైతన్నలు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తామే వేసుకోవడం మానండి, లైన్‌మన్ రావడం ఆలస్యమైనా సరే.

అమెరికాలో లైను పని నేర్చుకునే అప్రెంటిస్‌కు యూనియన్ శిక్షణలో దాదాపు 7,000 గంటల పని లెక్క ఉంటుంది, అంటే మూడేళ్ల పైమాటే. మనకు ఒక్క ఏడాది. అది చాలదని నా అభిప్రాయం. కొన్నిచోట్ల ఆ ఏడాదిలో కూడా సగం రోజులు బిల్లుల కట్టలు మోయడానికీ, టీలు తేవడానికీ పోతాయి. ఇంకొన్నిచోట్ల దానికి తలకిందులుగా, ఏమీ నేర్పకుండానే పైకెక్కించి కింద నిలబడి పని చెబుతారు. రెండూ తప్పే, రెండోది నేరం కూడా.

కాబట్టి ఈ ఏడు అప్రెంటిస్‌లో చేరబోయే పిల్లలకు చెబుతున్నాను. మొదటిరోజు సెక్షన్ ఆఫీసుకు వెళ్లగానే మీ సీనియర్‌ను రెండు అడగండి. ఒకటి, ఏ ఫీడరు ఎటు పోతోందో చూపే మ్యాపు. రెండు, నిన్నటి ఎల్‌సీ ఎలా తీసుకున్నారో, ఎలా తిరిగిచ్చారో. మంచి లైన్‌మన్ అయితే సంతోషంగా కూర్చోబెట్టి చెబుతాడు. "అవన్నీ నీకెందుకురా, ముందు ఎక్కు" అన్నాడంటే మాత్రం ఎక్కకండి. నేరుగా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి దగ్గరికి వెళ్లి చెప్పండి.

సెలవు, నమస్కారం.