మేయర్ ముందుగా ఎవరి గడప తొక్కాలి?

(ఫోన్-ఇన్ కార్యక్రమంలో జరిగిన సంభాషణకు అక్షర రూపం. ఫోన్ చేసిన వాళ్ళ పేర్లు, కాలనీల పేర్లు తీసేశాం.)

వ్యాఖ్యాత: వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి నుంచి వింటున్న అందరికీ నమస్తే. ఈ రోజు విషయం కొంచెం బరువైనది. కాలనీలో అనుకోని చావు జరిగినప్పుడు, వరద వచ్చిపోయాక, మనుషులను మళ్ళీ ఒక్క దగ్గరికి తేవడం ఎవరి పని? మేయర్, కార్పొరేటర్, సర్పంచ్ ఏం చేయగలరు? ముప్పై ఏళ్ళు మున్సిపాలిటీల్లో పనిచేసి రిటైరైన అధికారి ఒకరు మనతో ఉన్నారు. నమస్తే సార్.

అతిథి: నమస్తే అమ్మా. మన దిక్కు ఈ మాట ఎత్తితే అందరికీ ముందు 2023 జులై గుర్తొస్తుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లిలో జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. జంపన్నవాగు పొంగి కొండాయిలో 8 మంది పోయారు. ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. నీళ్ళు రెండు మూడు రోజుల్లో తీశాయి. మనుషుల మధ్య పడ్డ గండ్లు మాత్రం కొన్నిచోట్ల ఇంకా పూడలేదు.

వ్యాఖ్యాత: మొదటి కాల్ హనుమకొండ నుంచి. అక్కా, చెప్పండి.

కాలర్ 1: నమస్తే మేడం, నమస్తే సార్. మాది నాలా పక్కన కింది కాలనీ. మొన్న వానలప్పుడు మా గల్లీలో ఎనిమిదో తరగతి పిల్లగాడు కొట్టుకుపోయాడు. పై కాలనీ వాళ్ళు నాలాను ఆనుకుని గోడ కట్టారు, దాని వల్లే నీళ్ళు మా మీదికి వచ్చాయని మా వాళ్ళ కోపం. అప్పటి నుంచి రెండు కాలనీలకు మాటల్లేవు. మా పిల్లలు, వాళ్ళ పిల్లలు ఒకే బడిలో చదువుతారు, అక్కడ కూడా కొట్టుకుంటున్నారు. ఇప్పుడు బతుకమ్మ వస్తోంది. ఎప్పుడూ రెండు కాలనీలు కలిసి ఒకే గ్రౌండ్‌లో ఆడేవాళ్ళం. ఈసారి ఏం చేయాలో తెలుస్తలేదు. మేయర్ గారికి చెప్తే అవుతుందా సార్? అసలు ఆయనకు ఆ పవర్ ఉంటుందా?

అతిథి: అక్కా, ముందు ఆ తల్లిదండ్రులకు నా దండం చెప్పండి. పవర్ గురించి అడిగారు కదా. కాగితం మీద చూస్తే మేయర్‌కు అధికారం తక్కువే. కార్పొరేషన్‌లో ఫైళ్ళు, సిబ్బంది, కూల్చివేతలు కమిషనర్ చేతిలో ఉంటాయి. పరిహారం తహసీల్దార్ నుంచి కలెక్టర్ దాకా పోయే దారి. మేయర్ కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షుడు. అందుకే చాలామంది మేయర్లు 'నా చేతిలో ఏముంది' అంటారు. నేను ఒప్పుకోను. పిలిస్తే రెండు కాలనీల వాళ్ళూ వచ్చి కూర్చునేది మేయర్ పిలుపుకే. కమిషనర్ పిలిస్తే నోటీస్ అనుకుంటారు, ఎస్‌ఐ పిలిస్తే కేసు అనుకుంటారు.

ఇంకొక దారి కూడా ఉంది. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి డివిజన్‌కు నాలుగు వార్డు కమిటీలు ఉండాలి. యువకులది ఒకటి, మహిళలది ఒకటి, పెద్దవాళ్ళది ఒకటి, పేరున్న పౌరులది ఒకటి, ఒక్కోదాంట్లో 15 మంది. మన వరంగల్‌లో 66 డివిజన్లు. చాలాచోట్ల ఆ కమిటీలు ఫొటోతోనే ఆగిపోయాయి, అది వేరే బాధ. మీ మహిళల కమిటీలో రెండు కాలనీల ఆడవాళ్ళూ ఉండే ఉంటారు. ముందు వాళ్ళు కూర్చోండి.

కాలర్ 1: కూర్చుంటే గోడ మాటే వస్తది సార్.

అతిథి: రానివ్వండి, కానీ అక్కడ తేల్చొద్దు. గోడ నాలా హద్దులో ఉందా లేదా అన్నది సర్వేయర్ గొలుసు పట్టి చెప్పాలి. 'ఫలానా తారీఖున కొలుస్తారు, రెండు కాలనీల నుంచి ఇద్దరిద్దరు పక్కనే నిలబడి చూస్తారు' అని మేయర్ అందరి ముందు చెప్పి, ఆ రోజు తానూ రావాలి. తప్పు ఉంటే గోడ పోవాలి, మెతకదనం పనికిరాదు. తేలకముందే ఒకరి మీద వేస్తే మాత్రం ఆ పిల్లవాడి చావు పక్కకు పోయి గోడ పంచాయితీ మిగులుతుంది.

బతుకమ్మ సంగతి. ఆ ఇంట్లో ఏడాది దాకా పండుగ ఉండదు. మిగిలిన వాళ్ళు ఆడొద్దని ఎవరూ అనరు. కానీ ఆ తల్లి వాకిట్లో కూర్చుని ఉండగా పక్కనే డీజే పెడితే ఆమెకు ఎట్లా ఉంటుంది? మన ఎంగిలిపూల బతుకమ్మ పెత్రమాస నాడే మొదలవుతుంది. పోయినవాళ్ళ పేరు మీద బియ్యం ఇచ్చేదీ ఆ రోజే, పూలు పేర్చేదీ ఆ రోజే. ఆ రోజు పొద్దున రెండు కాలనీల పెద్దమనుషులు కలిసి ఆ ఇంటికి పోయి అడగండి: 'అమ్మా, నీకు ఇష్టమైతేనే గ్రౌండ్‌లో ఆడతాం, డీజే ఉండదు' అని. ఆమె వద్దంటే ఈసారి పద్మాక్షి గుండం కాడికి పోయి ఆడుకోండి. అడగడం అన్నది ఆమెకు చాలా పెద్ద విషయం.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. ములుగు దిక్కు నుంచి.

కాలర్ 2: నమస్తే సార్. నేను సర్పంచ్‌గా చేసినవాణ్ణి. వాగులో పోయిన మనిషి శవం దొరకకపోతే ఏం చేయాలి సార్? మా దగ్గర ఒక కుటుంబం ఇంకా దినాలు కూడా చేయలేదు. పోయాడని ఒప్పుకోలేకపోతున్నారు, పరిహారం కాగితాలూ ముందుకు పోతలేవు.

అతిథి: ఇది చాలా కష్టమైన పరిస్థితి అన్నా. మామూలు చట్టం ప్రకారం మనిషి జాడ లేకుండా 7 సంవత్సరాలు గడిస్తేనే చనిపోయినట్టు లెక్క. కానీ విపత్తుల్లో దీన్ని సడలించిన దాఖలాలు ఉన్నాయి. 2021లో ఉత్తరాఖండ్ చమోలీ వరదలప్పుడు ఏడేళ్ళు ఆగకుండానే మరణ ధ్రువపత్రాలు ఇచ్చారు. మిస్సింగ్ ఫిర్యాదు, విచారణ, పత్రికలో ప్రకటన, అభ్యంతరాలకు 30 రోజుల గడువు, ఆ తర్వాత ధ్రువపత్రం. ఆ ఉదాహరణ రాసి, పోలీస్ ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆ రోజు చూసిన వాళ్ళ వాంగ్మూలాలు పెట్టి కలెక్టర్ గారికి అర్జీ ఇప్పించండి. ఆ కుటుంబాన్ని ఒంటరిగా పంపొద్దు, పక్కన మీరు నిలబడండి. పరిహారం కేంద్రం నిబంధనలో 4 లక్షలు, 2024 వానల తర్వాత మన రాష్ట్రం 5 లక్షలు చేసింది.

దినాల సంగతి మాత్రం వాళ్ళకే వదిలేయండి. తొందరపెట్టొద్దు. ఊళ్ళో ఎవరైనా 'ఇంకా చేయలేదా' అని అడుగుతుంటే వాళ్ళను పక్కకు పిలిచి ఆపండి. అది కూడా సర్పంచ్ పనే.

వ్యాఖ్యాత: సార్, ఈ కాల్ ఒక మహిళా కార్పొరేటర్ నుంచి. ఏ ఊరో చెప్పొద్దన్నారు.

కాలర్ 3: సార్, నమస్తే. మా డివిజన్‌లో ఒక ఇల్లు కూలి తల్లీబిడ్డ పోయారు. నేను వెళ్ళలేదు. వెళ్తే తిడతారని భయపడ్డాను. పది రోజులు దాటింది. ఇప్పుడు వెళ్తే 'ఇప్పుడు గుర్తొచ్చామా' అంటారు. ఆ టెన్షన్‌తో నిద్ర పడతలేదు. ఇంకోటి, నాకు ఏడుపు ఆగదు సార్. లీడర్ ఏడవొద్దు అంటారు మా ఇంట్లో.

అతిథి: చెల్లెమ్మా, ఈ రోజే వెళ్ళు. తిడతారు. తిట్టనివ్వు. తిట్టడానికి వాళ్ళకూ ఒక మనిషి కావాలి కదా, వాళ్ళు ఓటేసిన మనిషివి నువ్వు. గడప దగ్గర 'ముందే రావాల్సింది, రాలేదు, తప్పు నాది' అని చెప్పి కింద కూర్చో. కారణాలు చెప్పకు. అనుచరులను, ఫోన్లు పట్టుకున్న పిల్లలను వెంట తీసుకుపోకు. ఇంటివాళ్ళు మాట్లాడకపోతే నువ్వూ మాట్లాడకు.

నేను ఒక తప్పు చేశాను. ఏ ఊరన్నది అక్కర్లేదు. ప్రమాదం జరిగిన మూడో రోజే చెక్కు పంపిణీ పెట్టాం. మంచి పని తొందరగా చేస్తున్నాం అనుకున్నాను. టెంట్ వేసి, కుర్చీలు వేసి, ఫొటోగ్రాఫర్‌ను పిలిచి, లిస్టులో పేర్లు చదివాను. కొడుకు పోయిన ఒక అవ్వ స్టేజీ దాకా వచ్చి, చెక్కు ముట్టుకోకుండా నా మొహం చూసింది. 'నా కొడుకు పేరు అట్ల పిలవకు బిడ్డా' అంది. హాజరు పిలిచినట్టు పిలిచాను నేను. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా చెక్కు ఇంటికే పంపాను. కానీ ఆ అవ్వకు అది ఏం పనికొచ్చింది?

(కొద్దిసేపు నిశ్శబ్దం)

వ్యాఖ్యాత: సార్... ఏడుపు గురించి అడిగారు ఆమె.

అతిథి: ఏడిస్తే ఏడవనీ. జపాన్‌లో రికుజెన్‌టకట అనే చిన్న పట్టణం ఉంది. 2011 మార్చి సునామీలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మేయర్ ఫుతోషి తోబా పదవిలోకి వచ్చి నెల కూడా సరిగా కాలేదు. ఆయన భార్య కూడా ఆ నీళ్ళలోనే పోయింది. వెతకడానికి పోలేక పట్టణం పనుల్లోనే ఉండిపోయాడు, ఆ బాధ తర్వాత బయటికే చెప్పుకున్నాడు. జనం ఆయనను ఏళ్ళ తరబడి నమ్ముకున్నారు. నీ కన్నీళ్ళు చూస్తే వాళ్ళకు నువ్వు చులకన కావు చెల్లెమ్మా. ఏడ్చి వచ్చి మళ్ళీ పోకపోతే మాత్రం కోపం వస్తుంది. డైరీలో రాసుకో: నెల మాసికం, ఆరో నెల, సంవత్సరీకం. ఆ మూడు రోజులూ ఏ మీటింగ్ ఉన్నా ఆ ఇంటికి పోవాలి.

కాలర్ 3: సాయంత్రం పోతాను సార్.

అతిథి: సాయంత్రం వద్దు, మనుషులు ఎక్కువ ఉంటారు. మధ్యాహ్నం పో.

వ్యాఖ్యాత: చివరి కాల్. హనుమకొండ నుంచే. అన్నా, చెప్పండి.

కాలర్ 4: మేడం, ఇందాక మాట్లాడిన అక్క మా కింది కాలనీ ఆమెనో కాదో తెలియదు. మా దగ్గరా ఇదే కథ. నేను పై కాలనీ. ఆ పిల్లగాడు మా వాడి దోస్తు. మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నాడు. అంత్యక్రియలకు పోదామని బండి తీసి కూడా మళ్ళీ లోపల పెట్టాను. మా వాళ్ళు 'పోతే తప్పు ఒప్పుకున్నట్టే' అన్నారు. మా వాడు అన్నం సరిగా తింటలేడు సార్.

అతిథి: నీ కొడుకుకు ఎన్నేళ్ళు?

కాలర్ 4: పదమూడు.

అతిథి: వాణ్ణి తీసుకుని పో అన్నా. కాలనీ తరఫున పోకు, దోస్తు ఇంటికి పోయినట్టు పో. గోడ మాట వస్తే 'కొలిచిన రోజు నేనూ నిలబడతా' అను, అంతకన్నా ఒక్క మాట వద్దు. ఒక్కడివే పోవడానికి భయంగా ఉంటే మీ కార్పొరేటర్‌ను తోడు రమ్మను, కాదనరు.

కాలర్ 4: ఆ అక్క నంబర్ దొరుకుతుందా మేడం? ఆ ఇల్లే అయితే ముందు ఆమెతో మాట్లాడి పోతా.

వ్యాఖ్యాత: ఆమెను అడగకుండా నంబర్ ఇవ్వలేం అన్నా. లైన్‌లోనే ఉండండి. మా వాళ్ళు ఆమెకు ఫోన్ చేస్తున్నారు.