పాత వెబ్లీ రివాల్వర్‌కి కొత్త బ్లూయింగ్: పని ఎలా కుదిరింది, తూటాల సంగతేంటి?

నమస్కారం అండి. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. బల్ల మీద ఉన్నది వెబ్లీ అండ్ స్కాట్ మార్క్ 4, .32 బోర్. నాన్నగారి తర్వాత వారసత్వంగా నా లైసెన్సులోకి వచ్చింది. ముందు ఇది చూడండి. హామర్ పక్కనున్న ఈ లివర్‌ని బొటనవేలితో నొక్కి బ్యారెల్‌ని కిందికి వంచితే తుపాకీ మధ్యకి తెరుచుకుంటుంది. తూటాలు పెట్టే ఆరు చాంబర్లూ ఖాళీ. ఇప్పుడు ధైర్యంగా మాట్లాడుకుందాం.

ఇది ఏళ్ల తరబడి బీరువాలో తోలు ఒరలోనే ఉండిపోయింది. అదే దీని కొంప ముంచింది. తోలు తేమని పీల్చుకుంటుంది. పైగా పచ్చి తోలుని పదును చేసేటప్పుడు వాడే ఉప్పులు, ఆమ్లాలు కొంత అందులోనే మిగిలిపోతాయి. మాది మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు. వానాకాలం వస్తే గోడలే చెమ్మగిల్లుతాయి, ఇక ఇనుము ఎంత? బ్యారెల్ కుడివైపు తుప్పు లోపలికి తినేసి సన్నటి గుంటలు పడ్డాయి. అందుకే బ్లూయింగ్, అంటే ఇనుముకి తుప్పు పట్టకుండా వేసే నీలినలుపు రంగు, మళ్లీ వేయించాను. పాత రంగు వెలిసిపోయి బూడిదగా మారినంత మాత్రాన మాత్రం దయచేసి ముట్టుకోకండి. కంపెనీ వేసిన అసలు రంగుకున్న విలువ కొత్త మెరుపుకి ఎప్పటికీ రాదు.

పని లైసెన్స్ ఉన్న వర్క్‌షాప్‌లోనే చేయించాను. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం రిపేరుకి కూడా లైసెన్స్ ఉండాలి. ఆన్‌లైన్‌లో సీసా తెప్పించుకుని ఇంట్లో పూసేద్దాం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ సీసాల్లో వచ్చే కోల్డ్ బ్లూ, అంటే వేడి చేయకుండా పూసే మందు, ఎలాగూ నిలవదు, ఒర రాపిడికే పోతుంది.

వర్క్‌షాప్ వాళ్లు రెండు దార్లు చెప్పారు. ఒకటి హాట్ బ్లూయింగ్. కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పులు కలిపిన నీళ్లని 140 డిగ్రీల దగ్గర మరిగించి ముంచుతారు. త్వరగా అయిపోతుంది. రెండోది రస్ట్ బ్లూయింగ్. నేను కోరుకున్నది ఇదే. ఇనుము మీద పల్చగా కావాలనే తుప్పు పట్టిస్తారు. తర్వాత మంచినీళ్లలో ఉడికిస్తే ఆ ఎర్ర తుప్పు మాగ్నెటైట్ అనే నల్లటి ఇనుప ఆక్సైడ్‌గా మారుతుంది. పైపైన లేచిన పొడిని సన్నటి తీగల బ్రష్‌తో తీసేసి, మళ్లీ తుప్పు పట్టిస్తారు. రంగు చిక్కబడేదాకా ఇదే వరస. ఓపిక కావాలి, డబ్బూ ఎక్కువే.

నిజానికి రంగు కంటే ముందు చేసే పాలిష్‌లోనే పనితనం తెలుస్తుంది. కెమెరా దగ్గరికి తెస్తాను, ఫ్రేమ్ ఎడమవైపు చూడండి. వెబ్లీ కంపెనీ ముద్ర ఇది: రెక్కల తూటా, మధ్యలో కంపెనీ అక్షరాలు. గీత గీత కనిపిస్తోంది కదా? బఫింగ్ చక్రానికి పెట్టి ఉంటే ఇది సబ్బు మీద అచ్చులా అరిగిపోయేది, అంచులన్నీ గుండ్రంగా తేలేవి. వీళ్లు చేత్తో, గట్టి దిమ్మ మీద ఎమరీ కాగితం చుట్టి రుద్దారు. స్క్రూల తలలు కూడా చెడలేదు. ఇక లోతైన గుంటలు రెండు మూడు అలాగే వదిలేశారు, అది సరైన నిర్ణయం. వాటిని తీసేయాలంటే లోహాన్నే అరగదీయాలి. నాకు నచ్చనిది ఒక్కటే, తూటాలు పెట్టే సిలిండర్ మీది గాళ్లలో రంగు పల్చగా ఉంది.

పిడి పలకలు నల్ల వల్కనైట్‌వి, అంటే గట్టి రబ్బరువి, ఒకటి మూల విరిగింది. మా పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు కదా, గేదె కొమ్ముతో కొత్త జత చేయించాను. కొమ్ముని వేడి చేస్తే మెత్తబడుతుంది. అప్పుడు చదును చేసి, కోసి, ఆకురాయి పడతారు. చేతిలో ఇంత చల్లగా, నున్నగా కూర్చుంటుందని అనుకోలేదు. పాత జత దాచిపెట్టాను, మీరూ పారేయకండి.

ఇప్పుడు తూటాలు. అమెరికా వీడియోల్లో కాల్చాక మిగిలే ఖాళీ కేసులకి (తూటా గొట్టాలకి) కొత్త ప్రైమరు (నిప్పు రాజేసే బిళ్ల), తుపాకీ మందు, సీసం గుండు పెట్టుకుని సొంతంగా తయారు చేసుకోవడం చూసి చాలామంది అడుగుతున్నారు. ఇక్కడ అది తయారీ కిందికి వస్తుంది. లైసెన్స్ లేకుండా చేస్తే నేరం. అయినా వాళ్లు అంత కష్టం ఎందుకు పడతారో తెలుసుకోవడం మంచిదే. ఒక కారణం, పాత తుపాకులకి పేలుడు ఒత్తిడి తక్కువగా ఉంచుకోవడం. ఇందులో పట్టే .32 లాంగ్ తూటా 1896 నాటిది, దాని గరిష్ఠ ఒత్తిడి 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అదే కుటుంబంలో 2008లో వచ్చిన .327 ఫెడరల్ మాగ్నమ్‌ది 45,000. చిన్న కేసులో పట్టే మందు చాలా కొద్ది. పొరపాటున రెండోసారి పడితే సిలిండర్ పేలిపోవచ్చు. నేను డీలర్ దగ్గర దొరికే ఫ్యాక్టరీ తూటాలే వాడతాను, లైసెన్సులో రాయిస్తాను.

ఒకటి మాత్రం మీరే చూసుకోవచ్చు. తుపాకీ ఖాళీ చేసి, మూసి, బ్యారెల్‌ని పట్టుకుని పైకీ కిందికీ మెల్లగా కదపండి. ఈ రకం రివాల్వర్‌లో పేలుడు భారమంతా పడేది మూసినప్పుడు బ్యారెల్‌ని పట్టి ఉంచే ఈ గొళ్లెం మీద, ముందున్న ఈ కీలు మీద. నాది కదలడం లేదు. మీది కదులుతుంటే రంగు సంగతి పక్కన పెట్టి, ముందు ఆ గొళ్లెం చూపించండి. అది బాగయ్యేదాకా కాల్చకండి.