ఆపమన్నా ఆగని కంప్యూటర్

పెద్దలకు నమస్కారం. గిడుగు రామ్మూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మన పర్లాకిమిడి. ఇక్కడ నిలబడి గ్రాంథికంలో మాట్లాడే ధైర్యం నాకు లేదు. నా కంప్యూటర్ రిపేరు షాపులో మీతో ఎలా మాట్లాడతానో ఇక్కడా అలాగే చెబుతాను.

కంప్యూటర్ ఆన్ కాకపోతే ఆ రోజే పట్టుకొస్తారు. ఆగకపోతే మాత్రం ఎవరూ తీసుకురారు. 'షటింగ్ డౌన్' అని చక్రం తిరుగుతూ ఉంటుంది, రాత్రి తొమ్మిదవుతుంది, ఇంటికెళ్లాలి. ఠక్కున గోడ స్విచ్ నొక్కేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఫైళ్లు తెరుచుకోకపోతే అప్పుడు గుర్తొస్తాను నేను.

షట్‌డౌన్ అంటే పెళ్లింటికి తాళం వేయడం లాంటిది. చుట్టాలందర్నీ సాగనంపాలి, సామాన్లు లోపల పెట్టాలి, ఆ తర్వాతే తాళం. విండోస్ కూడా ముందు ప్రోగ్రాములను మూసుకోమంటుంది. వెనకాల నడిచే సర్వీసులకు మామూలుగా 5 సెకన్ల గడువిస్తుంది. రాయాల్సింది డిస్క్ మీద రాసేసి, చివర్లో డ్రైవర్లకు, అంటే ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే చిన్న ప్రోగ్రాములకు, చెప్పి కరెంటు ఆపుతుంది. ప్రోగ్రామ్ మొండికేస్తే పేరు తెర మీదే కనిపిస్తుంది. డ్రైవర్ మొండికేస్తే పేరూ ఉండదు, ఊరూ ఉండదు, చక్రమే తిరుగుతుంది.

మొన్న మాఘమాసంలో పెళ్లి కార్డుల డీటీపీ షాపాయన వచ్చాడు. పాతపట్నం చుట్టాలకు తెలుగు కార్డు, బరంపురం చుట్టాలకు ఒడియా కార్డు, రోజంతా ప్రింటింగే. 'బాబూ, రెండుసార్లు ఫార్మాట్ చేయించాను, అయినా ఆగట్లేదు' అన్నాడు. నేను మౌసు ముట్టుకోలేదు. సాయంత్రం ఎలా మూస్తారో చేసి చూపించమన్నాను. ముందు ప్రింటర్ స్విచ్ ఆపాడు, తర్వాత కంప్యూటర్ షట్‌డౌన్ నొక్కాడు. చక్రం మొదలు. మర్నాడు షట్‌డౌన్‌కి ముందే ప్రింటర్ యూఎస్‌బీ వైరు పీకించాను. చప్పున ఆగిపోయింది. ప్రింటింగ్ కోసం వరసలో ఉన్నవాటి జాబితా, అదే క్యూ, చూస్తే సగం ప్రింటయిన కార్డు ఒకటి ఇరుక్కుని ఉంది. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ పాత సీడీలోని డ్రైవరే మళ్లీ వేశారట. జబ్బు అలా తిరిగొచ్చింది. క్యూ ఖాళీ చేసి, కంపెనీ సైటు నుంచి కొత్త డ్రైవర్ వేశాను. అందుకే ముందు వైర్లన్నీ పీకి చూడమంటాను: ప్రింటర్, వేలిముద్రల మిషను, పెన్‌డ్రైవు. ఒక్కొక్కటే తిరిగి పెడుతూ వెళ్తే దొంగ దొరుకుతాడు. ఫార్మాట్ ఆఖరి మందు, మొదటిది కాదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. లోపలి భాగాన్ని, డ్రైవర్లతో సహా, డిస్క్‌లో దాచుకుని పొద్దున్న అదే బయటికి తీస్తుంది. నిన్నటి తిక్క ఇవాళ్టికీ ఉంటుందన్నమాట. రీస్టార్ట్ అలా కాదు, మొత్తం కొత్తగా మొదలవుతుంది. 'ఆపి ఆన్ చేశాను సార్, లాభం లేదు' అన్నవాళ్లను రీస్టార్ట్ చేశారా అని అడిగేది అందుకే. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. తేడా కనిపిస్తే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. పొద్దున్న ఆన్ కావడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, టీ తాగొచ్చు.

జరిగినవి విండోస్ రాసుకునే చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో 41 అనే నంబరు చూసి టెన్షన్ పడకండి. సరిగ్గా మూయకుండానే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైందని మాత్రమే దానర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

అప్‌డేట్ నడుస్తుంటే మాత్రం ఓపిక పట్టాలి. మైక్రోసాఫ్ట్ నెలలో రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది, మనకు బుధవారం తగులుతాయి. డిస్క్ లైటు మిణుకుమంటుంటే లోపల పని జరుగుతోందని. అరగంట దాటినా మిణుకు లేకపోతే అప్పుడు పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. గోడ స్విచ్ వద్దు.

సరే, మాటలు చాలు. ఈ గ్రంథాలయం కంప్యూటర్ కూడా ఆగడం లేదని కార్యదర్శి గారు పొద్దున్నే చెప్పారు. ఇప్పుడే అందరి ముందూ ఆపి చూద్దాం. ఆ ప్రింటర్ స్విచ్ మాత్రం ఎవరూ ముట్టుకోకండి.